మా పడవ తూములు

మన పత్రికలో యాత్రా విశేషాలు వస్తూ ఉంటాయి, వంటలు వస్తూ ఉంటాయి, పిల్లల పెంపకాన్ని గురించి పెద్దలు చెప్పే మంచి మాటలు వస్తూ ఉంటాయి. పడవ చిల్లులను గురించి ఎవరూ వ్రాసినట్లు మాకు జ్ఞాపకం లేదు. అందుచేత మేము వ్రాస్తున్నాము. నిజానికి ఇవి పడిన చిల్లులు కావు, పెట్టిన చిల్లులు. ఆ రెంటికీ భేదం తెలియక ఇంటిల్లిపాదినీ చిల్కా సరస్సులో ముంచబోయి, దైవికంగా బయటపడ్డాము.

మేము అంటే ఎవరో ముందు చెప్పాలి. బావా బావమరుదులం ఇద్దరం. ఒకరిది రంభ, ఒకరిది బరంపురం. ఒకరికి కొట్టు, ఒకరికి కచేరీలో గుమాస్తాగిరీ. తప్పు ఎవరిదని ఇంట్లో ఇప్పటికీ విచారణ జరుగుతూనే ఉన్నది. మాలో ఎవరు ఏ మాట అన్నారో, ఎవరు ఏ పని చేశారో విడదీసి చెప్పకూడదని ఆ రోజే ఒడ్డున నిలబడి ఒప్పందం చేసుకొన్నాము. గనుక ఈ వ్యాసం పొడుగునా ‘మేము’ అనే మాటే ఉంటుంది. పాఠకులు మన్నించాలి.

పడవను 2015లో పాతది కొన్నాము. పద్ధెనిమిది అడుగుల ఫైబరు పడవ. చెరి సగం డబ్బు పెట్టాము. బరంపురం నుంచి ఆదివారం ఉదయం రైలెక్కి, ఛత్రపురం, గంజాం, హుమ్మా ఉప్పుమళ్లూ దాటి రంభలో దిగితే, పది గంటలకల్లా నీళ్లమీద ఉండవచ్చు. వారమంతా కాగితాలమధ్య బతికేవారికి అది ఎంత సుఖమో వేరే చెప్పనక్కరలేదు.

ఈ రకం పడవకు రెండు అంతస్తులుంటాయి. మనం కాళ్లు పెట్టేది పైతట్టు. దాని కింద అడుగువరకు బోలు. పైతట్టు నీటి మట్టానికి కొంచెం ఎత్తున ఉంటుంది. వాన నీళ్లు గాని, అలల నీళ్లు గాని పైతట్టుమీద పడితే వెనక్కు జారి, వెనుక మూలల్లో ఉన్న రెండు రంధ్రాల్లో పడి, అక్కడినుంచి జానెడున్నర రబ్బరు గొట్టాల గుండా బోలులోంచి పోయి, పడవ వెనుక గోడకు ఉన్న మూతుల్లోంచి సరస్సులో పడతాయి. ఎవరూ తోడనక్కరలేదు. పడవ కదులుతున్నా, నిలబడి ఉన్నా తనంతట తానే ఆరిపోతుంది. పడవతో వచ్చిన ఇంగ్లీషు కాగితంలో వీటి పేరు స్కప్పర్లు. రంభలో మిస్త్రీ వీటిని ఒడియాలో నాళ అన్నాడు. మాకు తెలుగు మాట చెప్పినవాడు ఒక ముసలి నోలియా తాత. గోపాల్‌పూర్ నుంచి వచ్చి రంభలో కొడుకు దగ్గర ఉంటున్నాడు. “తూములు బాబూ” అన్నాడు. మన ఇళ్లలో ఉన్న మాటే. మాకే తట్టలేదు. పడవ వెనుక కొసను అమరమనీ, ముందు కొసను అణియమనీ కూడా ఆయనే నేర్పాడు. నాలుగు తరాలుగా ఈ దేశంలో ఉంటూ, రెండు భాషలూ వచ్చునని గొప్పగా చెప్పుకొనే మాకు, ఈ రెండు మాటలూ చెప్పడానికి చదువురాని తాత కావలసివచ్చినది.

అడుగున మరొక చిన్న రంధ్రం ఉంటుంది. బోలులో చేరిన నీటిని, పడవను ఒడ్డుకు లాగినప్పుడు వదలడానికి అది. నీళ్లలో ఉన్నంతసేపూ దానికి బిరడా బిగించి ఉండాలి. పైన ఉన్న తూములు రెండూ నీళ్లలో ఉన్నంతసేపూ తెరిచి ఉండాలి. ఒకటి మూయవలసినది, రెండు తెరవవలసినవి. ఇంత చిన్న లెక్కలో మేము తప్పాము.

అది ఎట్లా జరిగినదంటే, 2021 దసరాకు మోటారు మార్చాము. పాతది రెండు స్ట్రోకులది. పొగా, మోతా ఎక్కువ. కొత్తది నాలుగు స్ట్రోకులది, నెమ్మదైనది, పెట్రోలు తక్కువ తాగుతుంది. కాని పాతదానికంటే ఇరవై కిలోలు బరువు. అది స్విచ్చితో స్టార్టు అయ్యే రకం గనుక బాటరీ ఒకటి వచ్చి చేరింది. దగ్గరగా ఉంటుందని బాటరీని కూడా అమరం మూలనే పెట్టాము. పెట్రోలు డబ్బా ఎటూ అక్కడే ఉన్నది. బరువంతా వెనుక చేరింది.

అప్పటినుంచి, కట్టి ఉంచిన పడవలో పొద్దున్నే చూస్తే వెనుక మూలల్లో రెండంగుళాల నీళ్లు నిలిచి ఉండేవి. వాన లేదు, అల లేదు. తూములోకి తొంగిచూస్తే అందులో సరస్సు నీరే మిలమిల మెరుస్తున్నది. తాత ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకొంటూ, “అమరం కూకుండిపోనాది బాబూ. బరువు తియ్యండి” అన్నాడు. మేము నవ్వి ఊరుకొన్నాము. కంపెనీ మోటారుకు తాత వంక పెట్టడమేమిటనుకొన్నాము.

నీళ్లు తూములోంచి వస్తున్నాయి గనుక తూము మూస్తే సరి అని తేల్చాము. సరుగుడు కర్ర చెక్కి రెండు బిరడాలు చేసి, గుడ్డ చుట్టి, పైనుంచి సుత్తితో కొట్టాము. మరునాటి ఉదయం పైతట్టు పొడిగా ఉన్నది. మాకు మహా సంతోషమైనది. అణా ఖర్చు లేకుండా పని జరిగినదని ఒకరినొకరు మెచ్చుకొన్నాము. ఇది 2022 జనవరిలో మాట.

అప్పటినుంచి పడవ కొంచెం మందంగా నడుస్తున్నట్టు తోచేది. మలుపు తిరిగితే ఒక పక్కకు ఒరిగి, తిరిగి లేవడానికి ఆలోచించేది. మోటారు కొత్తది గదా, అలవాటు కావాలి అనుకొన్నాము.

ఏప్రిల్ చివరి ఆదివారం అందరం కలిసి బయలుదేరాము. మేమిద్దరమూ, మాలో ఒకరికి తల్లీ మరొకరికి అత్తగారూ అయిన పెద్దావిడ, ఒకరికి అక్కా మరొకరికి భార్యా అయిన ఇంటావిడ, పిల్లలు ముగ్గురు. మొత్తం ఏడుగురం. పడవకు ఎనిమిదిమంది దాకా పట్టవచ్చునని రాసి ఉన్నది. గాలిచొక్కాలు మూడే ఉంటే పిల్లలకు తొడిగాము. పులిహోర, దద్ధ్యోజనం, మామిడిపళ్లు. రంభ వైపున నీళ్లమధ్య ఉన్న బ్రేక్‌ఫాస్టు దీవి దగ్గర కాసేపు ఆగి, భోజనాలు కానిచ్చి, మూడు దాటాక తిరుగుముఖం పట్టాము.

చిల్కా తీరాన ఉన్నవారికి కాళబైశాఖి అంటే వేరే చెప్పనక్కరలేదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నమంతా ఉక్కపోసి, సాయంత్రానికి వాయవ్యాన మబ్బు నల్లగా లేచి, అరగంటలో గాలీ వానా ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఒక గంట ఆర్భాటం. తరువాత ఆకాశం ఏమీ ఎరగనట్టు ఉంటుంది. మేము పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ చూస్తున్నదే. అయినా దీవినుంచి ఒడ్డు కనిపిస్తూనే ఉన్నది గదా అన్న ధీమా.

సగం దూరంలో వాన అందుకొన్నది. చినుకులు కావు, కడవలతో పోసినట్టు. గాలికి అలలు లేచి అణియం మీదుగా నీళ్లు చిమ్ముతున్నాయి. పడిన నీళ్లన్నీ వెనక్కు జారి అమరంలో చేరాయి. చేరిన నీళ్లకు పోయే దారి లేదు. దారి మేమే మూశాము. పాదాలు మునిగాయి. చీలమండలు మునిగాయి. అమరం ఇంకా దిగింది. దిగినకొద్దీ వెనుక గోడ మీదుగా కూడా నీళ్లు లోపలికి తొంగిచూడటం మొదలుపెట్టాయి.

తరువాత ఇంటికి వచ్చి లెక్క వేశాము. పది అడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు ఉన్న పైతట్టుమీద రెండంగుళాల నీళ్లు నిలిస్తే 230 లీటర్లు దాటుతుంది. అంటే 230 కిలోలు. పిలవకుండానే ముగ్గురు మనుషులు ఎక్కి కూర్చున్నట్టు. ఆ మనుషులైనా ఒకచోట కదలకుండా కూర్చుంటే కొంత నయం. నీళ్లు అట్లా కూర్చోవు. పడవ ఎటు ఒరిగితే అటు పరుగెత్తి, ఒరుగుతున్నదానిని ఇంకా ఒరిగేటట్టు తోస్తాయి. చిన్న పడవలు బోల్తాపడేది చాలాసార్లు ఇందువల్లనే.

బిరడాలు లాగుదామని వంగాము. గుడ్డా, కర్రా మూడు నెలలపాటు నీళ్లు తాగి ఉబ్బి, రాయిలా బిగిసిపోయాయి. గోళ్లు విరిగాయి గాని అవి కదలలేదు. ఇంటావిడ మాట్లాడకుండా టిఫిన్ కారియరు విప్పి, పులిహోర గిన్నె ఒకటి, దద్ధ్యోజనం గిన్నె ఒకటి పెద్దపిల్లలిద్దరికీ ఇచ్చి, మూత తాను తీసుకొని తోడటం మొదలుపెట్టింది. పెద్దావిడ చిన్నపిల్లను ఒళ్లో పెట్టుకొని, పడవకు సరిగ్గా నడుమ, కింద చతికిలబడి కూర్చున్నది. ఆవిడకు పడవల సంగతి ఏమీ తెలియదు. కాని అప్పుడు చేయవలసినది సరిగ్గా అదే. బరువు నడుమన, కిందుగా ఉండాలి. మేము మోటారును బాగా తగ్గించి, గాలికి ఎదురుగా అణియం నిలిపి, ఒక చేత్తో చుక్కానీ, ఒక చేత్తో గిన్నే పట్టుకొన్నాము. ఎంతసేపో తెలియదు. గాలి పడిపోయింది. రంభ ఒడ్డు తగిలాక చూసుకొంటే పైతట్టుమీద ఇంకా మోకాలిలో సగం నీళ్లు.

ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అనలేదు. అది అన్నిటికంటే బాధగా ఉన్నది. ఆ రాత్రి అన్నాలు తిన్నాక పెద్దావిడ తమ పుట్టింటి సంగతి చెప్పింది. పర్లాకిమిడిలో మండువా ఇల్లు. నాలుగు వైపుల చూరు నీళ్లూ నడుమ గుంటలో పడి, తూములోంచి వీధి కాలువలోకి పోయేవి. ఒక ఏడు తూములోంచి పాము లోపలికి వచ్చిందట. వాళ్ల తాతగారు కంగారుపడి తూములో గోనెసంచి కుక్కించారట. ఆ రాత్రే వాన. తెల్లవారేసరికి మండువా చెరువై, అరుగులెక్కి, గదిలో ఉన్న ధాన్యం బస్తాలు అడుగున నానిపోయాయట. తరువాత ఆయన కమ్మరిని పిలిపించి తూముకు ఇనుప జల్లెడ పెట్టించారు. “చెంబుకు చిల్లు పడితే మూస్తారు నాయనా. తూముకు జల్లెడ పెడతారు గాని మూత పెడతారా?” అని, దీపం తగ్గించి పడుకొన్నది.

మరునాడు సెలవు పెట్టి, పడవను ఒడ్డుకు లాగించాము. అడుగు బిరడా తీయగానే బోలులోంచి నీళ్లు వచ్చాయి. రావడం మొదలైనవి ఆగలేదు. తాత, ఆయన కొడుకు, మిస్త్రీ అందరూ పనులు మాని చూస్తూ నిలబడ్డారు. బుడగబుడగమంటూ అరగంట సేపు వచ్చాయి. అప్పటికి గాని మా తప్పు పూర్తి ఆకారం మాకు కనిపించలేదు.

జరిగినది ఇది. అమరం దిగడంవల్ల వెనుక గోడ మూతులు నీటిలో మునిగాయి. సరస్సు నీరు గొట్టాల్లోకి ఎక్కింది. గొట్టాలు ఎండకు, నూనెకు పెళుసెక్కి బీటలు వారి ఉన్నాయి. వాటిని పట్టి ఉంచే క్లిప్పులు తుప్పుపట్టి తెగి ఉన్నాయి. పైన బిరడా కొట్టేసరికి, పైతట్టుమీదికి రాలేని నీరు బీటల్లోంచి బోలులోకి పోయింది. పోయినకొద్దీ పడవ బరువెక్కి, మూతులు ఇంకా మునిగి, ఇంకా నీరు లోపలికి పోయింది. పైకి మాత్రం పొడి. బిరడా నీటిని ఆపలేదు. మా కంటికి కనిపించకుండా చేసింది, అంతే. మోటారు కొత్తదని మేము సర్దుకొన్న మాంద్యమంతా ఆ బోలులో నీళ్లే.

మిస్త్రీకి ఆ నెలంతా పని ఉన్నది. తాను చూపిస్తానన్నాడు, మమ్మల్నే చేసుకోమన్నాడు. అట్లాగే చేశాము. ఇట్టి పడవ ఉన్నవారికి, కొనదలచినవారికి పనికివస్తుందని ఆ పని కొంచెం వివరంగా వ్రాస్తున్నాము.

మొదట పాత మూతులు ఊడదీశాము. తెల్లని ప్లాస్టిక్ మూతులు. చేత్తో నొక్కితే బిస్కత్తులా విరిగాయి. ఎండ పడేచోట మామూలు ప్లాస్టిక్ కొన్నేళ్లకు ఇట్లాగే అవుతుంది. గొట్టాలు కోసి చూస్తే సగం పూడి ఉన్నాయి. బురద, చేప పొలుసులు, వేరుశనగ పొట్టు, పిల్లలు తిన్న చాక్లెట్ల కాగితాలు. గొట్టం నడుమ వేలాడి పల్లమై ఉండటంవల్ల అక్కడ అన్నీ కూర్చున్నాయి.

తరువాతది అసలు పని. ఫైబరు పైతట్టు అంతా ఫైబరు కాదు. రెండు ఫైబరు పొరల నడుమ ప్లైవుడ్డు పెట్టి చేస్తారు. పడవ చేసినవారు తూముకోసం రంధ్రం కోసినప్పుడు ఆ చెక్క అంచు బయటపడింది. దానికి రెజిన్ పట్టించకుండా, స్నానాలగదుల్లో వాడే జిగురు పూసి మూతి బిగించి వదిలారు. జిగురు వదిలాక ఏళ్ల తరబడి చెక్క నీళ్లు తాగింది. మిస్త్రీ రూపాయి బిళ్లతో తట్టి చూపించాడు. బాగున్నచోట టక్కుమంటుంది, కుళ్లినచోట మెత్తగా బొద్దుమంటుంది. మంచి కుండనూ, బీటకుండనూ సంతలో తట్టి చూసినట్టే. బొద్దుమన్నంత మేరా పైపొరను చుట్టూ కోసి చూస్తే నల్లని పీచు, చేత్తో పిండితే నీళ్లు. పొడి చెక్క తగిలేదాకా గీకి తీసేసరికి ఒక్కొక్క తూము చుట్టూ అరచేయంత గుంట అయినది.

ఇక్కడ తొందరపడకూడదు. తడి చెక్కమీద రెజిన్ పోస్తే అది అంటదు. లోపల తడి అట్లాగే ఉండి పక్కకు పాకుతుంది. పదిహేను రోజులు ఎండబెట్టాము. పగలు ఎండ, రాత్రి టార్పాలిన్. ఆరిందో లేదో తెలుసుకోవడానికి ఒక ఉపాయం. గుంటమీద పల్చని ప్లాస్టిక్ కాగితం పరిచి, చుట్టూ టేపు వేసి ఎండలో వదలాలి. కాగితం లోపలివైపు చెమట పడితే ఇంకా తడి ఉన్నట్టు. మాకు పదకొండో రోజున కూడా చెమట పట్టింది.

ఆరాక, ఎపాక్సీ రెజినూ, దానిని గట్టిపరిచే ద్రవమూ కొలత ప్రకారం కలిపి, మందం కోసం తెల్లని పొడి చేర్చి, గుంట నింపాలి. మొదటిరోజు మేము మిట్టమధ్యాహ్నం ఒక లోతు గ్లాసులో అంతా ఒకేసారి కలిపాము. కలిపినది దానంతట అదే వేడెక్కి, పొగలు కక్కి, చూస్తూ ఉండగా గ్లాసుతో సహా రాయి అయినది. ఆ రెండు ద్రవాలూ కలిసినప్పుడు వేడి పుడుతుంది. లోతు పాత్రలో ఆ వేడి పోయేదారి లేక ఇంకా పెరుగుతుంది. పోయేదారి అన్న మాట అక్కడ కూడా మమ్మల్ని వదలలేదు. మరునాడు తెల్లవారుజామున, వెడల్పాటి పళ్లెంలో కొంచెం కొంచెంగా కలిపి, పొర ఆరాక పొరగా రెండు రోజుల్లో నింపాము.

గుంట గట్టిపడ్డాక, దాని నడుమ మళ్లీ రంధ్రం కోశాము. ఇప్పుడు రంధ్రం చుట్టూ ఉన్నది రెజినే. చెక్క అంచు ఎక్కడా నీటికి కనిపించదు. రంధ్రం కూడా పెంచాము. పాత గొట్టం లోపల 25 మిల్లీమీటర్లు ఉండేది, కొత్తది 38 పెట్టాము. చూపుకు సగం పెరిగినట్టే ఉంటుంది గాని, నీరు పోయే జాగా రెండింతలు దాటుతుంది. మూతి అంచు పైతట్టుకంటే ఒక వెంట్రుకవాసి పల్లంగా ఉండేటట్టు చుట్టూ గీకాము. లేకపోతే అంచు గట్టులా అడ్డుపడి నీరు నిలుస్తుంది.

మూతులకు ఇత్తడి కొందామనుకొన్నాము. మిస్త్రీ వద్దన్నాడు. చిల్కా నీరు వానల్లో నదులు వచ్చి చప్పబడినా, ఎండాకాలంలో ఉప్పెక్కుతుంది. ఉప్పునీటిలో ఇత్తడిలో ఉన్న జింకు కరిగిపోయి, మిగిలినది ఎర్రబారి పెళుసవుతుంది. చూడటానికి మూతి మూతిలాగే ఉంటుంది, తంతే రాలుతుంది. కంచు మంచిదేగాని ఖరీదు. చివరకు విశాఖపట్నంనుంచి గాజునార కలిపిన నల్లని నైలాన్ మూతులు తెప్పించాము. వాటికి ఎండ తట్టుకొనే గుణం ఉన్నది.

పాత జిగురును గీకి, ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడిచి, పడవలకు వాడే పాలియురేతేన్ జిగురు పూసి మూతులు కూర్చోబెట్టాము. నట్టును మొదటే బలమంతా పెట్టి బిగిస్తే జిగురంతా బయటికి వచ్చి, నడుమ ఏమీ మిగలదు. చేత్తో బిగించి, జిగురు ఆరాక కొంచెం తిప్పాలి.

క్లిప్పుల దగ్గర ఒక దుకాణంలో మోసపోయాము. తుప్పు పట్టదని అమ్మినది పాత సామానులో తుప్పుపట్టి కనిపించినది ఆ రకమే. ఈసారి జేబులో అయస్కాంతం పెట్టుకొని వెళ్లాము. పట్టీకి అంటకపోయినా, బిగించే మరకు అంటుకొన్నది. అంటే పట్టీ మంచిది, మర మామూలు ఇనుము. ముందు తెగేది మరే. రెంటికీ అయస్కాంతం అంటనివి ఏరి, గొట్టం ప్రతి కొసకూ రెండేసి బిగించాము. గొట్టం లోపల తీగ చుట్టినది కొని, నడుమ వేలాడకుండా ఆధారం పెట్టి, ఏకవాలుగా దించాము.

పైమూతికి పెద్దావిడ చెప్పిన ప్రకారం జల్లెడ పెట్టాము. చాక్లెట్ల కాగితాలు ఇక లోపలికి పోవు. వెనుక గోడకు బయటివైపు రబ్బరు రెక్క బిగించాము. లోపలి నీరు తోస్తే అది తెరుచుకొంటుంది. బయటినుంచి అల తోస్తే మూసుకొంటుంది. పోయేదానికి దారి, వచ్చేదానికి అడ్డు. మేము కర్ర బిరడాతో చేయదలచినది ఇదే కాబోలు. కాని బిరడాకు ఎటునుంచి వచ్చే నీరో తెలియదు.

ఇదంతా చేసి కూడా తాత మాట వినకపోతే వ్యర్థం. బాటరీని అణియం వైపు బల్ల కిందికి మార్చాము. దాని తీగలు పొడుగు గనుక లావు తీగలు వేయించాము. పెట్రోలు డబ్బా నడుమకు తెచ్చాము. పడవను నీళ్లలోకి దించి, మేమిద్దరం అమరంలో నిలబడి చూస్తే, వెనుక మూతులు నీటికి నాలుగు వేళ్లు పైన ఉన్నాయి. తాత వంగి, వేళ్లతో కొలిచి చూసి, “ఇప్పుడు పడవనాగుంది” అన్నాడు.

పది బకెట్ల నీళ్లు ఒకేసారి గుమ్మరించి పరీక్ష చేశాము. మూడు నిమిషాల్లో పైతట్టు తడిమాత్రం మిగిలింది. బోలులో చెయ్యి పెట్టి తడిమితే పొడి. ఈసారి నిజంగానే పొడి. రథయాత్ర వారం ఉందనగా ఇదంతా పూర్తయినది. గాలిచొక్కాలు ఎనిమిది కొన్నాము. పెద్దావిడ కూడా తొడుక్కోవాలన్నాము. “చీరమీద ఇదేమిట్రా” అంటూనే తొడుక్కొన్నది.

తూములు కనిపెట్టి చూసుకొంటూ ఉండాలి. నెలకొకసారి జల్లెడ తీసి కడుగుతాము. ఆరు నెలలకొకసారి అడుగు మూత తెరిచి గొట్టాన్నీ, క్లిప్పులనూ చేత్తో తడిమి చూస్తాము. వెనుక మూతుల్లో తెల్లని గుల్లలు పెరుగుతాయి, వాటిని గీకుతాము. పొద్దున్నే పడవలో నీళ్లు కనిపిస్తే సుత్తికోసం వెతకము. ఎక్కడ బరువెక్కిందో చూస్తాము.

ఆ సరుగుడు బిరడాలు రెండూ మిస్త్రీ ఉలితో ఊడదీస్తే, పెద్దావిడ అడిగి తీసుకొన్నది. వంటింట్లో ఆవకాయ జాడీల పక్క గూట్లో ఉన్నాయి. ఏటా మొదటి మబ్బు పట్టినప్పుడు వాటిని గుమ్మంలో పెడుతుంది. ఇంటావిడ వాటిని చూచి, “ఇంతకీ ఇవి కొట్టినదెవరు?” అని అడుగుతుంది. మేమే అంటాము.

ఆ రోజు ఒళ్లో కూర్చున్న చిన్నపిల్ల ఇప్పుడు బడికి పోతున్నది. పడవ ఎక్కగానే అమరానికి పోయి, సరస్సులోంచి ఒక చెంబు నీళ్లు ముంచి, తూము దగ్గర పోసి, వంగి చూస్తుంది. దానికి ఆ పని ఎవరూ చెప్పలేదు. అది లేచి నిలబడి, “పోయాయి” అన్నాక గాని మేము మోటారు తిప్పము.